ధాన్యరహిత శునకాహారం: పదార్థ విచారం, ఎంపిక విధానం

వ్యాససంగ్రహం:

ఆహారం పడక చర్మవ్యాధులతోను, జీర్ణసమస్యలతోను బాధపడే పెంపుడు కుక్కలకు ‘గ్రెయిన్ ఫ్రీ’ ఆహారం మేలు చేస్తుందనే అభిప్రాయం ఇటీవలి కాలంలో విస్తృతంగా ప్రచారం పొందింది. తెలుగులో దీనిని ‘ధాన్యరహితం’ అని అనువదిస్తున్నారు. అయితే ఆంగ్లపదం సూచించే పరిధి, తెలుగులో ‘ధాన్యం’ అనే పదానికి ఉన్న పరిధి ఒకటి కావు. ఈ భేదం కేవలం నిఘంటు సంబంధి కాదు. కుక్క ఆరోగ్యాన్ని కూడా ప్రభావితం చేయగలది. ధాన్యం అనే మాట అర్థవిస్తృతిని, కుక్క జీర్ణవ్యవస్థ స్వభావాన్ని, ఆహారం పడకపోవడానికి గల కారణాలను, ధాన్యానికి బదులుగా చేరే పదార్థాల పర్యవసానాలను పరిశీలించి, ఆహారాన్ని ఎంచుకొనే క్రమాన్ని వివరించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ధాన్యం, శూకధాన్యం, శమీధాన్యం, శునకాహారం, అలర్జీ, పథ్యం, అర్థవిస్తృతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇళ్ళలో కుక్కకు ప్రత్యేకంగా ఆహారం వండే అలవాటు ఇటీవలి వరకు లేదు. ఇంట్లో మిగిలిన అన్నం, మజ్జిగ, సంగటి, జొన్నరొట్టె ముక్క, పండుగనాడు నాలుగు ఎముకలు దాని భోజనం. కర్మాగారంలో తయారైన శునకాహారానికి చరిత్ర ఇంగ్లండులో మొదలైంది. అమెరికా నుండి లండన్ చేరిన జేమ్స్ స్ప్రాట్ 1860 ప్రాంతంలో గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, మాంసం కలిపి కుక్కల కోసం బిస్కెట్లు తయారుచేయించాడు. అంటే పొట్లంలో అమ్మే శునకాహారం పుట్టుకతోనే ధాన్యసహితం. ధాన్యాన్ని తొలగించడమే గొప్పతనంగా చెప్పుకొనే ఆహారం దాదాపు నూటయాభై ఏళ్ళ తరువాత గాని బాగా వ్యాప్తిలోకి రాలేదు.

నేడు పట్టణాలలో కుక్కను పెంచేవారు ఈ రెండు సంప్రదాయాలనూ కలిపి పాటిస్తున్నారు. ఉదాహరణకు ఒక ఇంట్లో లాబ్రడార్ కుక్క ఉందనుకోవచ్చు. దానికి ఉదయం పొట్లంలోని గుళికలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి కోడిమాంసం కలిపిన అన్నం పెడతారు. కొంతకాలానికి అది పాదాలను అదేపనిగా నాకడం, చెవులు గోక్కోవడం మొదలుపెడుతుంది. రోమాలు రాలతాయి, చర్మం ఎర్రబడుతుంది. రాత్రులు అది నిద్రపోదు, ఇంటివారినీ నిద్రపోనివ్వదు. ఎవరో ‘అన్నం పడటం లేదు, ధాన్యం లేని ఆహారం పెట్టండి’ అంటారు. ఖరీదైనా సరేనని ఇంటివారు ఆ పొట్లం తెస్తారు. నెలలు గడిచినా దురద తగ్గదు. ఇక్కడ లోపం ఇంటివారి శ్రద్ధలో లేదు. వారు నమ్మిన మాటలో ఉంది. ఆ మాటను ముందుగా విచారించాలి.

2. ‘ధాన్యం’: అర్థవిస్తృతి

తెలుగులో ‘ధాన్యం’ అనే పదానికి వాడుకలో కనీసం మూడు పరిధులు ఉన్నాయి.

మొదటిది అతి సంకుచితమైనది. రైతుల వ్యవహారంలో ధాన్యం అంటే వడ్లు. ‘ధాన్యం కొనుగోలు కేంద్రం’ అన్నప్పుడు జొన్నలో, కందులో ఎవరికీ స్ఫురించవు.

రెండవది మధ్యస్థమైనది. వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్న, రాగి, సజ్జ వంటి గడ్డిజాతి మొక్కల గింజలన్నీ ఈ పరిధిలోకి వస్తాయి. శాస్త్రగ్రంథాలలో వీటినే ‘తృణధాన్యాలు’ అంటున్నారు. ‘చిరుధాన్యాలు’ ఇందులో ఒక ఉపవిభాగం. ఆంగ్లంలో ‘గ్రెయిన్ ఫ్రీ’ అన్నప్పుడు ‘గ్రెయిన్’ అనే మాటకు ఉన్న అర్థం ఇంచుమించుగా ఇదే.

మూడవది విస్తృతమైనది. ‘పప్పుధాన్యాలు’ అనే సమాసమే పప్పుదినుసులు కూడా ధాన్యాలేనని చెబుతోంది. నవధాన్యాలలో గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, నువ్వులు, మినుములు, ఉలవలు ఉన్నాయి. ఈ తొమ్మిదింటిలో గడ్డిజాతి గింజలు రెండే. ఆరు పప్పుదినుసులు, ఒకటి నూనెగింజ. అంటే సంప్రదాయం తెలిసిన తెలుగువాడు ‘ధాన్యరహితం’ అనే మాట వింటే ఈ తొమ్మిదీ లేనిదని అర్థం చేసుకోవడం సహజం.

ప్రాచీన శాస్త్రగ్రంథాలు ఈ విస్తృతిని గుర్తించి లోపల విభజన చేశాయి. చరకసంహిత సూత్రస్థానంలోని అన్నపానవిధి అధ్యాయం ధాన్యాలను శూకధాన్యవర్గం, శమీధాన్యవర్గం అని రెండుగా వింగడించింది. వరి, గోధుమ, యవలు, శ్యామాకం వంటివి శూకధాన్యాలు. పెసలు, మినుములు, ఉలవలు, కందులు వంటి కాయలలో పండే గింజలు శమీధాన్యాలు. అమరకోశం కూడా వైశ్యవర్గంలో మినుములు మొదలైనవాటిని శమీధాన్యాలుగా, యవలు మొదలైనవాటిని శూకధాన్యాలుగా పేర్కొంది. భావప్రకాశంలో ధాన్యభేదాలు ఐదు. గణనలో తేడా ఉన్నా, కాయగింజలను ధాన్యంలోనే ఒక ప్రత్యేకవర్గంగా నిలపడంలో ఈ గ్రంథాలు ఏకీభవిస్తాయి.

ఈ విభజన ప్రస్తుత విషయానికి ఎంతో ఉపకరిస్తుంది. విపణిలో లభించే గ్రెయిన్ ఫ్రీ శునకాహారాలలో వరి, గోధుమ, మొక్కజొన్న ఉండవు. వాటికి బదులుగా చాలావాటిలో బఠాణీలు, శనగలు, మసూర్ వంటి పప్పుదినుసులు, బంగాళదుంప, చిలగడదుంప, కర్రపెండలం వంటి దుంపలు ఉంటాయి. కనుక ఆ ఆహారం శూకధాన్యరహితమే గాని శమీధాన్యసహితం. ‘ధాన్యరహితం’ అనే అనువాదం ఈ రెండవ సగాన్ని మరుగుపరుస్తుంది.

ఒక పదార్థాన్ని మానడమనేది మాటలో ఒక విధంగాను, ఆచరణలో మరొక విధంగాను ఉండటం తెలుగువారికి కొత్త కాదు. శనివారం రాత్రి భోజనం మానినవారు ఉప్మా, ఇడ్లీ తింటారు. అన్నం మానారు గాని గోధుమను, బియ్యాన్ని మానలేదు. సగ్గుబియ్యం పేరులో బియ్యం ఉన్నా అది కర్రపెండలం పిండితో చేసినది. మనిషి ఉపవాసంలో సంకేతం ప్రధానం కాబట్టి ఈ సడలింపు చెల్లుతుంది. రోగనిర్ణయంలో చెల్లదు. శరీరం పేరుకు స్పందించదు, వస్తువుకు స్పందిస్తుంది.

3. కుక్క జీర్ణవ్యవస్థ, పిండిపదార్థం

ధాన్యరహితాహారాన్ని సమర్థించేవారు తరచుగా చెప్పే వాదం ఒకటుంది. కుక్క తోడేలు సంతతికి చెందినది, తోడేలు ధాన్యం తినదు, కాబట్టి కుక్కకు ధాన్యం ప్రకృతివిరుద్ధమని ఆ వాదం. ఇందులో మొదటి వాక్యం సత్యమే. దాని నుండి చివరి వాక్యానికి చేరడంలోనే దోషం ఉంది.

స్వీడన్ పరిశోధకుల నాయకత్వంలో కుక్కల, తోడేళ్ళ జన్యుపదార్థాలను పోల్చి చూసిన అధ్యయనం 2013లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమును క్లోమగ్రంథిలో తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కలలో 4 నుండి 30 వరకు ఉన్నట్లు ఆ అధ్యయనం చూపింది. మనిషి వ్యవసాయం నేర్చి, ధాన్యం నిల్వచేసి, మిగిలినది విదిల్చిన చోట బతికిన జంతువు ఆ తిండికి తగినట్లుగా మారింది. వండిన పిండిపదార్థాన్ని ఆరోగ్యవంతమైన కుక్క బాగా జీర్ణించుకోగలదు. ఈ ప్రతుల సంఖ్య జాతిని బట్టి మారుతుంది. వ్యవసాయంతో అంతగా సంబంధంలేని ప్రాంతాలలో రూపొందిన కొన్ని జాతులలో అది తక్కువ. అయినా కుక్కల విషయంలో ధాన్యం స్వతస్సిద్ధంగా అపథ్యమని చెప్పడానికి ఆధారం లేదు.

పైగా ధాన్యం తీసివేసినంతమాత్రాన పిండిపదార్థం పోదు. గుళికలుగా తయారుచేసే ఆహారానికి ఆకృతి నిలవాలంటే సాధారణంగా ఏదో ఒక పిండి అవసరం. వరిపిండి స్థానంలో బఠాణీపిండో, దుంపపిండో చేరుతుంది. కాబట్టి ధాన్యరహితం అంటే పిండిరహితం అని భావించడం కూడా పొరపాటే.

4. ‘పడకపోవడం’: రెండు అర్థాలు

‘ఆ తిండి దీనికి పడదు’ అనే వాక్యం తెలుగులో సర్వసాధారణం. వైద్యదృష్టితో చూస్తే ఈ ఒక్క క్రియలో రెండు భిన్న స్థితులు కలిసి ఉన్నాయి.

మొదటిది అలర్జీ. ఆహారంలోని ఏదో ఒక పదార్థాన్ని, సాధారణంగా ప్రోటీనును, శరీరపు రక్షణవ్యవస్థ శత్రువుగా భావించి ప్రతిస్పందిస్తుంది. ఏడాది పొడవునా తగ్గని దురద, పాదాలు నాకడం, మళ్ళీమళ్ళీ వచ్చే చెవి వాపు, కొన్నిసార్లు వాంతులు, విరేచనాలు దీని లక్షణాలు. కుక్క ఆ ఆహారాన్ని చాలాకాలంగా తింటూ ఉన్నా అలర్జీ ఏర్పడవచ్చు. ‘ఎప్పటినుంచో పెడుతున్నదే కదా’ అనే తర్కం ఇక్కడ పనిచేయదు.

రెండవది అసహనం. ఇందులో రక్షణవ్యవస్థ ప్రమేయం ఉండదు. పాలలోని లాక్టోజ్‌ను జీర్ణించుకోలేని కుక్కకు పాలు పోస్తే విరేచనాలు కావడం ఇటువంటిది. పదార్థాన్ని, కొన్ని సందర్భాలలో దాని మోతాదును తగ్గిస్తే చాలు.

అలర్జీకి కారణమయ్యే పదార్థాల విషయంలో మ్యూలర్, ఒలివ్రీ, ప్రెలో అనే పశుచర్మవైద్య పరిశోధకులు 2016లో ప్రచురించిన సమీక్ష ఉపయుక్తమైనది. అంతకుముందు వెలువడిన అధ్యయనాలలోని 297 కుక్కల వివరాలను వారు క్రోడీకరించారు. గొడ్డుమాంసం 34 శాతం, పాల ఉత్పత్తులు 17 శాతం, కోడిమాంసం 15 శాతం, గోధుమ 13 శాతం కుక్కలలో ప్రతిచర్యకు కారణమయ్యాయి. సోయా 6 శాతం, గొర్రెమాంసం 5 శాతం, మొక్కజొన్న, గుడ్డు చెరి 4 శాతం. వరి, చేప, పందిమాంసం ఒక్కొక్కటి 2 శాతం మాత్రమే.

ఈ అంకెలను రెండు విధాల జాగ్రత్తతో గ్రహించాలి. ఇవి అలర్జీ నిర్ధారణ అయిన కుక్కలలోని నిష్పత్తులే గాని కుక్కలన్నిటికీ వర్తించేవి కావు. ఏ ప్రాంతంలో కుక్కలు ఏది ఎక్కువగా తింటాయో అదే అక్కడి పట్టికలో ముందుకు వచ్చే అవకాశం ఉంది. ఈ పరిమితులకు లోబడి చూసినా, శూకధాన్యాలలో గోధుమ ఒక్కటే చెప్పుకోదగిన స్థానంలో ఉందని, జంతుసంబంధమైన ప్రోటీన్లదే ప్రధానపాత్ర అని స్పష్టమవుతుంది.

పైన చెప్పిన లాబ్రడార్ ఉదాహరణకు దీనిని అన్వయిస్తే పరిస్థితి తెలుస్తుంది. పెరుగన్నంలో ఇంటివారు అనుమానించినది అన్నాన్ని. పట్టిక ప్రకారం ముందుగా అనుమానించవలసినది పెరుగును. కోడిమాంసం కలిపిన అన్నంలోనూ అంతే. ధాన్యరహితమని తెచ్చిన పొట్లంలో కోడిమాంసమే ప్రధాన ప్రోటీను అయితే, నేరం చేసినవాడిని ఇంట్లో ఉంచుకొని పొరుగువాడిని వెళ్ళగొట్టినట్లవుతుంది.

ధాన్యం నిజంగా పడని కుక్కలు లేవని కాదు. ఐరిష్ సెటర్ జాతిలో గ్లూటెన్ వల్ల కలిగే వంశపారంపర్యమైన పేగువ్యాధి ఉంది. బోర్డర్ టెర్రియర్ జాతిలో గ్లూటెన్‌తో ముడిపడిన శరీరచలన వ్యాధి ఒకటి గుర్తించబడింది. అయితే వీటికి కావలసినది గ్లూటెన్ లేని ఆహారం. గ్లూటెన్ గోధుమ, బార్లీ, రై ధాన్యాలకు సంబంధించినది. వరి, జొన్న, రాగి వంటివి ఆ కోవలోకి రావు. గ్లూటెన్‌రహితం, ధాన్యరహితం పర్యాయపదాలు కావు.

5. ధాన్యంపై అనుమానం బలపడిన తీరు

ధాన్యంపై అపనమ్మకం పెరగడానికి ఒక చారిత్రక సంఘటన కొంత దోహదం చేసింది. 2007 మార్చిలో ఉత్తర అమెరికాలో పెద్ద ఎత్తున పెంపుడు జంతువుల ఆహారాన్ని విపణి నుండి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చైనా నుండి దిగుమతి అయిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కలిసి ఉండటం వల్ల అనేక కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై మరణించాయి. ప్రోటీను ఎక్కువగా ఉన్నట్లు పరీక్షలో కనబడటానికి చేసిన కల్తీ అది. దోషం కల్తీది. కాని ‘గోధుమ గ్లూటెన్’ అనే పేరు జనం మనసులో విషంతో జతపడిపోయింది.

అదే కాలంలో మనుషుల ఆహారంలోను గ్లూటెన్‌రహిత పదార్థాలపై మోజు పెరిగింది. తాము మానినదానిని తమ కుక్క చేత కూడా మాన్పించడం ప్రేమకు చిహ్నమైంది. పొట్లాలపై తోడేలు బొమ్మలు, అడవి దృశ్యాలు ఈ భావనకు రూపం ఇచ్చాయి. భయం, ప్రేమ, ప్రకటన కలిసి ఒక అభావపదాన్ని ఆరోగ్యసూచికగా మార్చాయి.

6. తీసివేసినదాని స్థానంలో చేరినది

2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ ఒక హెచ్చరిక వెలువరించింది. బఠాణీలు, పప్పుదినుసులు, బంగాళదుంపలు ప్రధానపదార్థాలుగా ఉన్న ఆహారం తినే కుక్కలలో డైలేటెడ్ కార్డియోమయోపతీ అనే గుండెజబ్బు కనిపిస్తున్నట్లు తనకు నివేదికలు అందుతున్నాయని తెలిపింది. ఈ జబ్బులో గుండె కండరం బలహీనపడి, గదులు సాగి వెడల్పవుతాయి. గుండె రక్తాన్ని సరిగా తోడలేదు. కుక్క త్వరగా అలసిపోతుంది, దగ్గుతుంది, సొమ్మసిల్లుతుంది, ఒక్కోసారి హఠాత్తుగా మరణిస్తుంది.

2019 జూన్‌లో ఆ సంస్థ ప్రకటించిన వివరాల ప్రకారం 2014 జనవరి నుండి 2019 ఏప్రిల్ వరకు కుక్కలకు సంబంధించి 515 నివేదికలు అందాయి. వాటిలో పేర్కొన్న ఆహారాలలో 90 శాతానికి పైగా గ్రెయిన్ ఫ్రీ రకాలు. 93 శాతం ఆహారాలలో బఠాణీలో, మసూర్ వంటి పప్పులో ఉన్నాయి. సాధారణంగా ఈ జబ్బు డాబర్‌మన్, గ్రేట్ డేన్ వంటి పెద్దజాతులలో వంశపారంపర్యంగా వస్తుంది. ఈ నివేదికలలో మాత్రం అటువంటి వారసత్వం ప్రసిద్ధంగా లేని గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ వంటి జాతులు కూడా ఉన్నాయి.

ఈ సమాచారాన్ని అతిశయం లేకుండా అర్థం చేసుకోవాలి. అమెరికాలో కుక్కల సంఖ్య దాదాపు 7.7 కోట్లని ఆ సంస్థే పేర్కొంది. ఆ సంఖ్యతో పోలిస్తే నివేదికలు స్వల్పం. నివేదికల సంఖ్య మాత్రమే కార్యకారణ సంబంధాన్ని నిరూపించదని, అర్థవంతమైన కొత్త శాస్త్రసమాచారం లభించేవరకు మరిన్ని ప్రకటనలు చేయబోమని 2022 డిసెంబరులో ఆ సంస్థ తెలిపింది. టారిన్ అనే పదార్థం కొరత కొన్ని కుక్కలలో కనిపించినా, అన్నిటిలోనూ కనిపించలేదు. మరోవైపు ఆహారం మార్చిన తరువాత గుండె పనితీరు మెరుగుపడిన కుక్కల వివరాలు పశువైద్య పత్రికలలో ప్రచురితమయ్యాయి. సంబంధం సిద్ధాంతంగా స్థిరపడలేదు, కొట్టివేయదగినదీ కాదు.

ఇక్కడ శూకధాన్య, శమీధాన్య విభజన ప్రాముఖ్యం తెలుస్తుంది. అనుమానం ప్రధానంగా వరి, గోధుమ లేకపోవడం మీద కాక, వాటి స్థానంలో పెద్ద మోతాదులో చేరిన శమీధాన్యాల మీద కేంద్రీకృతమైంది. ఒక చారెడు పప్పు కుక్కకు హానికరమని దీని అర్థం కాదు. రోజూ, పూటపూటా, ఆహారంలో ప్రధానభాగంగా పెట్టడం గురించి మాత్రమే ఈ చర్చ. దురద తగ్గుతుందనే ఆశతో, అవసరం నిర్ధారణ కాకుండానే, ఏళ్ళ తరబడి ఒకే ఆహారం పెట్టే ఇంటివారికి ఇది ముఖ్యమైన విషయం.

7. నిర్ధారణ మార్గం: పథ్యం

ఆహార అలర్జీని నిర్ధారించడానికి ప్రమాణికమైన పద్ధతి ఒక్కటే. దానిని తెలుగులో ‘పథ్యం’ అనే మాటతోనే చెప్పవచ్చు. అనుమానిత పదార్థాలన్నిటినీ మాని, నిర్ణీతకాలం ఒకే రకం ఆహారం పెట్టి, తరువాత పాత ఆహారాన్ని తిరిగి ఇచ్చి చూడటం ఇందులోని విధానం. ఇళ్ళకు పంపే రోమ, లాలాజల పరీక్షలు నమ్మదగినవి కావు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కృత్రిమ రోమాన్ని నమూనాగా పంపినప్పుడు కూడా అలర్జీ ఉన్నట్లు ఫలితాలు వచ్చాయి. ఆహార అలర్జీ విషయంలో రక్తపరీక్షపై ఆధారపడి నిర్ణయం తీసుకోవడాన్ని కూడా చర్మవైద్యులు సమర్థించరు.

పథ్యానికి ముందు పశువైద్యుడు గోమార్లు, పిడుదులు, చర్మాన్ని తొలిచే సూక్ష్మకీటకాలు, శిలీంధ్రాలు వంటి ఇతర కారణాలను పరిశీలించాలి. ధూళిలోని సూక్ష్మజీవుల వల్ల, పుప్పొడి వల్ల కలిగే దురద కూడా ఆహార అలర్జీని పోలి ఉంటుంది. దురద ఉన్న ప్రతి కుక్కకూ ఆహారమే కారణం కాదు.

తరువాత కుక్క ఇంతవరకు తిన్నవాటి జాబితా తయారుచేయాలి. ప్రధాన భోజనంతోపాటు బిస్కెట్లు, నమిలే ఎముకలు, మాత్ర మింగించడానికి వాడే వెన్న, మాంసం రుచి కలిపిన నట్టల మాత్రలు కూడా ఇందులో చేరాలి. ఈ జాబితా ఆధారంగా రెండు మార్గాలలో ఒకటి ఎంచుకోవచ్చు. మొదటిది, కుక్క ఎన్నడూ తినని ఒక ప్రోటీను, ఒక పిండిపదార్థం. రోజూ కోడి, పెరుగు, అన్నం తిన్న కుక్కకు చేప, చిలగడదుంప ఇటువంటి జోడీ కావచ్చు. రెండవది, ప్రోటీనును రక్షణవ్యవస్థ గుర్తుపట్టలేనంత చిన్న భాగాలుగా విడగొట్టి తయారుచేసిన జలవిశ్లేషిత ఆహారం. పశువైద్యులు సూచించే ఈ రకం ఆహారాలలో కొన్నింటిలో పిండిపదార్థంగా మొక్కజొన్న పిండో, వరో ఉంటుంది. అలర్జీ చికిత్సకోసం తయారైన ఆహారంలోనే శూకధాన్యం ఉండటం గమనించదగిన విషయం.

పథ్యం కనీసం 8 వారాలు సాగాలి. 5 వారాలలో 80 శాతానికి పైగా, 8 వారాలలో 90 శాతానికి పైగా అలర్జీ కుక్కలలో ఉపశమనం కనిపిస్తుందని 2015లో వెలువడిన సమీక్ష తేల్చింది. రెండు వారాలకే ‘గుణం కనిపించలేదు’ అని వదిలేయడం, వారానికొక పొట్లం మార్చడం వల్ల ఏదీ తేలదు. పథ్యం చెడగొట్టేవి చాలా చిన్నవి. పక్కింటి పిల్లవాడు విసిరిన బిస్కెట్, పెద్దవారు జాలితో పెట్టిన పాలకోవా, పూజ తరువాత దక్కిన ప్రసాదం చాలు. అందువల్ల ఇంటిల్లిపాదికీ, పనివారికీ, ఇరుగుపొరుగుకూ ముందుగానే చెప్పి ఉంచాలి.

ఉపశమనం కనిపిస్తే పని పూర్తయినట్లు కాదు. పాత ఆహారాన్ని తిరిగి పెట్టినప్పుడు సాధారణంగా రెండు వారాలలోపు దురద తిరిగివస్తే అప్పుడే ఆహార అలర్జీ నిర్ధారణ అవుతుంది. ఆ తరువాత ఒక్కొక్క పదార్థాన్ని విడివిడిగా చేర్చి చూడాలి. అన్నం ఒక్కటే చేర్చినప్పుడు దురద రాకుండా, పెరుగు చేర్చినప్పుడు వస్తే, ఇన్నాళ్ళూ అన్నంపై మోపిన నింద తొలగిపోతుంది. గోధుమ చేర్చినప్పుడు వస్తే గోధుమను మానాలి. వరిని మానవలసిన అవసరం అప్పుడు కూడా ఉండకపోవచ్చు.

ఇంట్లో వండే పథ్యంలో ఉల్లి, వెల్లుల్లి ఉండరాదు. అవి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉప్పు, మసాలా అనవసరం. కొన్ని వారాల పథ్యం వేరు, శాశ్వతభోజనం వేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు 2013లో 200 ఇంటివంటకాల విధానాలను పరీక్షించగా 95 శాతం వాటిలో కనీసం ఒక అవసరమైన పోషకం లోపించింది. మాంసం, అన్నం మాత్రమే పెడితే కాల్షియం చాలదు. ఎదిగే పిల్లకుక్కలలో ఎముకలు బలహీనపడతాయి. కాబట్టి ఇంటివంటను కొనసాగించదలచినవారు పశుపోషణ నిపుణుడి సలహాతో పాళ్ళు నిర్ణయించుకోవాలి.

8. పొట్లంపై పట్టికను చదివే విధానం

పథ్యం ద్వారా కారణం తెలిసిన తరువాతనే పొట్లం ఎంపిక సార్థకమవుతుంది. అప్పుడు పొట్లం ముందుభాగంలోని పెద్ద అక్షరాలకంటే వెనుకభాగంలోని చిన్న అక్షరాలు ప్రధానం.

పదార్థాల పట్టికలో సాధారణంగా బరువు ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది తరువాత వస్తుంది. తయారీకి ముందున్న బరువే లెక్క. పచ్చిమాంసంలో నీటిభాగం ఎక్కువ కనుక పట్టికలో మొదటిస్థానంలో ఉన్నా, నీరు ఆవిరైన తరువాత దాని వాటా తగ్గిపోతుంది. రెండవ, మూడవ స్థానాలలో ఉన్నవాటిని కూడా చూడాలి.

బఠాణీలు, బఠాణీపిండి, బఠాణీప్రోటీను, బఠాణీపీచు అని ఒకే వస్తువును నాలుగు పేర్లతో విడగొట్టి రాస్తే ఒక్కొక్కటి పట్టికలో కిందికి జరుగుతుంది. అన్నిటినీ కలిపితే అదే ప్రథమస్థానానికి రావచ్చు. శమీధాన్యాల మోతాదును అంచనా వేయడానికి ఈ కూడిక తప్పనిసరి.

పొట్లం పేరులో ‘చేప’ అని ఉన్నంతమాత్రాన లోపల చేప ఒక్కటే ఉందని అనుకోరాదు. కోడిమాంసపు పొడి, గుడ్డు, పాలపొడి పట్టికలో ఎక్కడో ఉండవచ్చు. ‘జంతు ఉత్పత్తులు’ వంటి అస్పష్టమైన మాటలున్న ఆహారం అలర్జీ కుక్కకు తగదు. పరిమిత పదార్థాలతో చేసినట్లు చెప్పుకొనే సాధారణ విపణి ఆహారాలను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు, పట్టికలో లేని ప్రోటీన్లు కొన్నింటిలో బయటపడ్డాయి. ఒకే యంత్రంపై వేర్వేరు ఆహారాలు తయారుకావడం ఇందుకు ఒక కారణం. అందువల్ల నిర్ధారణకోసం చేసే పథ్యానికి ఇటువంటివి నమ్మదగినవి కావు.

ఆ ఆహారం కుక్క వయసుకు తగిన సంపూర్ణ పోషకాహారమని పొట్లంపై ఉందో లేదో చూడాలి. పాత ఆహారంలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజులలో మార్పు పూర్తిచేయడం మంచిది. ఇప్పటికే చాలాకాలంగా శమీధాన్యాలు అధికంగా ఉన్న ఆహారం తింటున్న కుక్కలో అలసట, దగ్గు, సొమ్మసిల్లడం కనిపిస్తే ఆలస్యం చేయక గుండె పరీక్ష చేయించాలి. పశువైద్యుడికి దాని ఆహారం పేరు కూడా చెప్పాలి.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

1. ‘గ్రెయిన్ ఫ్రీ’ అనే మాటకు ‘ధాన్యరహితం’ అనే అనువాదం అతివ్యాప్తి దోషంతో కూడినది. చరకుని విభజనను అనుసరించి ‘శూకధాన్యరహితం’ అనడం సమంజసం. శమీధాన్యాలు ఉన్నప్పుడు ఆ విషయాన్ని కూడా చెప్పడం అవసరం.

2. కుక్క వండిన పిండిపదార్థాన్ని జీర్ణించుకోగలదు. ఆరోగ్యవంతమైన కుక్కకు ధాన్యం మాన్పించవలసిన అవసరం లేదు.

3. ఆహార అలర్జీలో జంతుసంబంధ ప్రోటీన్లది ప్రధానపాత్ర. శూకధాన్యాలలో గోధుమది కొంతవాటా, వరిది స్వల్పవాటా. పెరుగన్నం పడనప్పుడు పెరుగును విచారించకుండా అన్నాన్ని దోషిగా నిర్ణయించరాదు.

4. పథ్యం, పునఃప్రయోగం ద్వారా శూకధాన్యమే కారణమని నిర్ధారణ అయిన కుక్కకు ఆ ధాన్యం లేని ఆహారం అవసరమే. అప్పుడు కూడా దాని స్థానంలో చేరినది ఏమిటో, ఎంతో తెలుసుకొని ఎంచుకోవాలి.

పదానికి అర్థం ‘పదార్థం’. వస్తువుకూ తెలుగులో అదే పేరు. పొట్లంపై ఉన్న పదానికీ, పొట్లంలో ఉన్న పదార్థానికీ మధ్య ఎడం ఏర్పడినప్పుడు దాని ఫలితాన్ని అనుభవించేది చదవడం రాని, తన బాధను చెప్పుకోలేని ప్రాణి. దాని తరఫున ఆ పట్టికను చదవవలసిన బాధ్యత పెంచేవారిది. ఆ చదువుకు తగిన మాటలను తెలుగులో స్పష్టంగా నిలపవలసిన బాధ్యత భాషను అధ్యయనం చేసేవారిది.